వెండి రూపాయి మీది మసక

మన పల్లెల్లో చాలా ఇళ్ళలో పాత వెండి రూపాయలు ఉన్నాయి. ట్రంకు పెట్టె అడుగున ఉంటాయి. దేవుని గూట్లో ఉంటాయి. మూటగట్టి బియ్యం డబ్బాలో దాచినవీ ఉంటాయి. కొందరు వాటిని దండగా గుచ్చి మెడలో వేసుకుంటారు. లంబాడీ ఆడవాళ్ళ నగల్లో రూపాయి బిళ్ళలు ఇప్పటికీ కనపడతాయి.

ఇవి తల్లి కూతురికి ఇచ్చినవి. అత్త కోడలికి ఇచ్చినవి. చాలా ఇళ్ళలో పొలం మగవాళ్ళ పేరున ఉంటుంది. ఇల్లూ వాళ్ళ పేరునే ఉంటుంది. ఈ నాలుగు బిళ్ళలు మాత్రం ఆడమనిషి చేతిలో ఉంటాయి. ఆపద వస్తే ఆదుకుంటాయి.

అందుకే వాటిని జాగ్రత్తగా చూసుకోవాలి. జాగ్రత్త అంటే గిన్నెల్లాగా తోమడం కాదు. తోమితే గిన్నెకు మంచిదే. రూపాయికి మాత్రం నష్టం. ఎందుకో ఈ పాఠంలో తెలుసుకుందాం. రూపాయి మీద మసక పడితే ఏం చేయాలో, ఏం చేయకూడదో కూడా తెలుసుకుందాం.

1. ముందు రూపాయిని చదవండి

మీకు ఇప్పుడు అంకెలు వచ్చు. బస్సు నెంబరు చదువుతున్నారు. క్యాలెండరు చదువుతున్నారు. పాత రూపాయి మీద కూడా అవే అంకెలు ఉంటాయి.

రూపాయికి ఒకవైపు రాజు బొమ్మ గానీ, రాణి బొమ్మ గానీ ఉంటుంది. రెండో వైపు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అక్కడే నాలుగు అంకెలు ఉంటాయి. 1862, 1907, 1918, 1941 ఇలాగ. అది రూపాయి మీద వేసిన సంవత్సరం.

ఆ నాలుగు అంకెలు చదివితే చాలా సంగతులు తెలుస్తాయి.

1835 నుంచి 1939 దాకా ఇంగ్లీషు వాళ్ళు వేసిన రూపాయి బరువు 11.66 గ్రాములు. అందులో నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. మిగిలింది రాగి. అంటే ఒక్కో రూపాయిలో సుమారు 10.7 గ్రాముల వెండి ఉంది.

1940లో మార్పు వచ్చింది. 1940 నుంచి 1945 దాకా వేసిన రూపాయిలో వెండి సగమే. అంటే సుమారు 5.8 గ్రాములు. బరువు మాత్రం అంతే. చూడటానికీ అలాగే ఉంటుంది. సంవత్సరం చదివితేనే తేడా తెలుస్తుంది.

1947 రూపాయిలో వెండి లేదు. అది నికెల్ అనే లోహం. దాని మీద పులి బొమ్మ ఉంటుంది. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకుంటుంది. వెండి రూపాయి అంటుకోదు.

నిజాం ప్రభుత్వం వేరే రూపాయి వేసింది. దాన్ని హాలీ రూపాయి అనేవారు. ఇంగ్లీషు వారి రూపాయిని కల్దార్ అనేవారు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు. ముందు వేసిన వాటిలో నూటికి దాదాపు 82 పాళ్ళు వెండి. 1940 తర్వాతి సంవత్సరాల్లో వేసిన వాటిలో వెండి తగ్గింది. దాని మీద సంవత్సరం ఉర్దూ అంకెల్లో, హిజ్రీ లెక్కలో ఉంటుంది. ఉర్దూ చదవగలిగిన వారిని అడిగితే చెబుతారు.

తులం సంగతి కూడా తెలుసుకోండి. పాత లెక్కలో ఒక తులం అంటే ఒక రూపాయి ఎత్తు. అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు చాలా కొట్లలో తులం అంటే 10 గ్రాములే. "రూపాయికి తులం" అని ఎవరైనా లెక్క కడితే, ఏ తులమో అడగండి.

2. మసక అన్నీ ఒకటి కాదు

రూపాయిని పగటి వెలుగులో చూడండి. అంచులు పట్టుకోండి. బొమ్మ మీద వేలు పెట్టకండి. చేతి చెమట, నూనె రూపాయికి అంటుకుంటాయి.

ఇప్పుడు మసక ఏ రకమో చూడండి.

మొదటిది నలుపు. గాలిలో, పొయ్యి పొగలో గంధకం ఉంటుంది. రబ్బరులో, ఉన్నిలో కూడా ఉంటుంది. అది వెండికి తగిలితే వెండి నల్లబడుతుంది. కొన్నిసార్లు ముందు పసుపు రంగు, తర్వాత నీలం, ఆ తర్వాత నలుపు వస్తుంది. ఇది మురికి కాదు. పైపొర వెండే మారి నలుపయింది. దీనితో రూపాయికి చెడు లేదు. పాత నాణేలు సేకరించే వాళ్ళు ఈ రంగును ఇష్టపడతారు. రూపాయి నిజంగా పాతదని, దాన్ని ఎవరూ తోమలేదని ఈ రంగు చెబుతుంది. దీన్ని అలాగే ఉంచాలి.

రెండోది మట్టి, పసుపు, కుంకుమ, నూనె. పూజలో పెట్టిన రూపాయికి ఇవి అంటుకుంటాయి. పాలతో అభిషేకం చేస్తే తెల్లటి పొర మిగులుతుంది. బోరు నీళ్ళతో కడిగి అలాగే వదిలేసినా తెల్ల మరక పడుతుంది. ఆ నీళ్ళలోని ఉప్పులు రూపాయి మీద మిగిలిపోతాయి.

మూడోది పచ్చ జిగురు. ముందు రూపాయి మీద పలచటి మసక వస్తుంది. అద్దం మీద ఆవిరి పట్టినట్టు ఉంటుంది. తర్వాత అక్కడక్కడ పచ్చగా అవుతుంది. తాకితే జిడ్డుగా ఉంటుంది. ఇదే అన్నిటికంటే చెడ్డది. దీన్ని వదిలేస్తే వెండిని తింటుంది. రూపాయి మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. ఆ గుంటలు మళ్ళీ పూడవు.

నలుపును వదిలేయాలి. పచ్చ జిగురును వదిలేయకూడదు. ఈ తేడా గుర్తు పెట్టుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

3. పచ్చ జిగురు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది ప్లాస్టిక్ కవరు నుంచి వచ్చింది.

అన్ని ప్లాస్టిక్ కవర్లూ ఒకటి కాదు. కొన్ని కవర్లు మెత్తగా ఉంటాయి. ఎటు వంచితే అటు వంగుతాయి. కొత్తగా ఉన్నప్పుడు ఘాటు వాసన వస్తుంది. వీటిని పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పర్సులో ఫొటో పెట్టుకునే కవరు చాలా వరకు ఇలాంటిదే. నాణేల ఆల్బముల్లోనూ ఇవి ఉంటాయి.

పీవీసీ మెత్తగా ఉండటానికి అందులో ఒక నూనె లాంటి పదార్థం కలుపుతారు. కొన్నేళ్ళకు ఆ నూనె బయటికి వస్తుంది. ప్లాస్టిక్ కూడా చెడి, కొంచెం కొంచెంగా ఆమ్లం వదులుతుంది. ఎండ వేడికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. రేకుల ఇంట్లో ట్రంకు పెట్టె ఎంత కాగుతుందో మీకు తెలుసు.

నూనె రూపాయికి అంటుకుంటుంది. అదే జిగురు. ఆమ్లం రూపాయిలోని రాగిని తింటుంది. రాగి పచ్చబడుతుంది. అదే పచ్చదనం.

భద్రంగా ఉంటుందని ప్లాస్టిక్‌లో పెడతాం. ఆ ప్లాస్టిక్కే దాన్ని పాడు చేస్తుంది.

4. రుద్దితే ఏమవుతుంది?

ఒక ఇంట్లో అత్తా కోడలూ పెట్టె సర్దుతున్నారు. పెట్టెలో 12 వెండి రూపాయలు ఉన్నాయి. కోడలు సాయంత్రం చదువు కేంద్రానికి వెళ్తుంది. ఆమె ఒక రూపాయి తీసి చూసింది.

"అత్తమ్మా, ఈ కవరులో ఉన్నవాటికి పచ్చగా ఏదో పట్టింది."

"అదెంత పని! చింతపండు, ఉప్పు పెట్టి తోము. ఆ మీద బూడిద వేసి రుద్దు. తళతళా మెరుస్తాయి."

"మెరుస్తాయి అత్తమ్మా. కానీ ఈ రెండూ ఒకసారి చూడండి."

కోడలు రెండు రూపాయలు పక్కపక్కన పెట్టింది. రెండిటి మీదా ఒకే రాజు బొమ్మ. ఒకటి దేవుడి దగ్గర ఉండేది. దాన్ని ప్రతి పండక్కీ బూడిదతో తోమేవారు. అది తెల్లగా మెరుస్తోంది. రెండోది ఎన్నడూ తోమనిది. అది నల్లగా ఉంది.

"నల్లదాని మీద 1918 అని చదివాను. రాజు చెవి కనపడుతోంది. కిరీటంలో పూసలు కనపడుతున్నాయి. తెల్లదాని మీద చూడండి. 19 వరకే ఉంది. ఆ తర్వాత అంకెలు చదవరావడం లేదు. రాజు మీసం కూడా పోయింది."

అత్త రెండూ చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ఏటా శుభ్రం చేస్తున్నా అనుకున్నా గదే. అరగదీస్తున్నా అన్నమాట."

"మీకెవరు చెప్పారు అత్తమ్మా! ఇక మీద తోమొద్దు. అంతే."

"మనుమరాలు నర్సు చదువుతానంటోంది. ఫీజుకు తక్కువ పడితే ఇవి తీద్దామని నా మనసులో ఉంది. ఈ పచ్చదనం ఉంటే కొట్టువాడు తీసుకుంటాడా?"

"పచ్చదనం పోగొట్టే పద్ధతి ఉంది. రుద్దకుండానే పోతుంది."

అత్త చెప్పిన మాటలో తప్పు ఎక్కడుందో చూద్దాం.

బూడిదలో, ఇటుక పొడిలో సన్నటి గరుకు ఉంటుంది. గిన్నెలు తోమే పౌడరులో ఉంటుంది. పళ్ళ పేస్టులో కూడా ఉంటుంది. రుద్దిన ప్రతిసారీ అది వెండిని కొంచెం గీకుతుంది. రాజు చెంప, జుట్టు, కిరీటం పైకి ఉబ్బి ఉంటాయి. ముందు అవే పోతాయి. తర్వాత అంకెలు పోతాయి.

చింతపండు, నిమ్మకాయ పులుపు. పులుపు అంటే ఆమ్లమే. అది రూపాయిలోని రాగిని లాగుతుంది. ఉప్పు దానికి తోడవుతుంది. రూపాయి తెల్లగా పాలిపోయినట్టు అవుతుంది. చూసిన వెంటనే నాణేలు తెలిసినవాళ్ళు, "దీన్ని తోమారు" అని చెప్పేస్తారు.

కంసాలి దగ్గర ఆమ్లంలో ముంచి మెరుగు పెట్టించినా అంతే. పైపొర వెండి పోతుంది.

చిన్న గుర్తు పోతే ఎంత నష్టమో చెప్పే కథ ఒకటి ఉంది. కథ కాదు, జరిగిన సంగతే. 1911లో ఐదవ జార్జి రాజు బొమ్మతో కొత్త రూపాయి వచ్చింది. రాజు వేసుకున్న అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంది. దాని తొండం పొట్టిగా వేశారు. జనానికి అది ఏనుగులా కనపడలేదు. పందిలా కనపడింది. జనం గొడవ చేశారు. ప్రభుత్వం ఆ రూపాయలు ఆపేసింది. చాలా వాటిని కరిగించింది. 1912లో తొండం సరిగ్గా వేసి మళ్ళీ తెచ్చింది. 1911 రూపాయి ఇప్పుడు దొరకడం తక్కువ. సేకరించేవాళ్ళు దాన్ని వెదుకుతారు. ఆ ఏనుగు గోరు కంటే చిన్నది. బూడిదతో తోమితే ఏనుగు ఉండదు, సంవత్సరమూ ఉండదు. అప్పుడు అది ఉత్త వెండి ముక్క.

5. కావలసిన వస్తువులు

పచ్చ జిగురును కరిగించే ద్రవం పేరు అసిటోన్. అది నీళ్ళలా ఉంటుంది. ఘాటు వాసన వస్తుంది. తొందరగా ఆవిరైపోతుంది. అది నూనెను, జిగురును కరిగిస్తుంది. సెల్లో టేపు జిగురును కూడా కరిగిస్తుంది. వెండిని ఏమీ చేయదు. అందుకే నాణేలు తెలిసినవాళ్ళు దీన్ని వాడతారు.

ఇవి సిద్ధం చేసుకోండి.

స్వచ్ఛమైన అసిటోన్, 100 మిల్లీలీటర్లు. బడుల ప్రయోగశాలలకు సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది.

డిస్టిల్డ్ వాటర్, ఒక సీసా. అంటే మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్ళు. వాటిలో ఉప్పులు ఉండవు. మందుల షాపులో అడగండి. బ్యాటరీ దుకాణంలోనూ ఉంటాయి.

రెండు గాజు గిన్నెలు. మూత పెట్టడానికి స్టీలు పళ్ళెం.

రూపాయిని తీయడానికి రెండు శుభ్రమైన వెదురు పుల్లలు.

కొంచెం దూది. ఉతికి ఆరబెట్టిన మెత్తటి నూలు గుడ్డ.

సీసా మీద పేరు చదవకుండా కొనకండి. బ్యాటరీ దుకాణంలో నీళ్ళూ ఉంటాయి, ఆమ్లమూ ఉంటుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకటి రూపాయిని కడుగుతుంది. ఇంకొకటి చేతిని కాలుస్తుంది. పేరు ఇంగ్లీషులో ఉంటే బడికి వెళ్ళే పిల్లల చేత చదివించండి. రెండుసార్లు చదివించండి.

గోళ్ళ రంగు తుడిచే మందు తేకండి. అందులో అసిటోన్ ఉన్నా రంగు, సెంటు, నూనె కలుపుతారు. అవి రూపాయి మీద కొత్త మసక వేస్తాయి. పెయింటు థిన్నరు, పెట్రోలు, కిరసనాయిలు కూడా వద్దు.

6. జాగ్రత్త! నిప్పు!

ముందు ఇది చదవండి. తర్వాతే సీసా మూత తీయండి.

అసిటోన్‌కు నిప్పు చాలా తొందరగా అంటుకుంటుంది. చల్లగా ఉన్నా అంటుకుంటుంది. దాని ఆవిరి కంటికి కనపడదు. అది గాలి కంటే బరువు. పొగలా పైకి పోదు. నేల మీద పాకుతూ పోతుంది. మన పొయ్యి నేల మీదే ఉంటుంది. దేవుడి దగ్గర దీపం వెలుగుతూ ఉంటుంది. ఆవిరి అక్కడికి చేరితే మంట వెనక్కి గిన్నె దాకా వస్తుంది.

అందుకని వంటింట్లో ఈ పని చేయకండి. బయట వాకిట్లో, గాలి ఆడే చోట, పగటి పూట చేయండి. దగ్గరలో పొయ్యి, దీపం, అగరుబత్తి, బీడీ ఏవీ ఉండకూడదు. నైలాను చీర కాకుండా నూలు చీర కట్టుకోండి. పిల్లలను దూరంగా ఉంచండి. గిన్నె మీద వంగి వాసన పీల్చకండి. తల తిరిగితే లేచి గాలిలోకి పోండి. కంట్లో పడితే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చేతులు ముంచకండి. చర్మం పొడిబారి పగులుతుంది.

ప్లాస్టిక్ గిన్నె వాడకండి. కొన్ని ప్లాస్టిక్‌లు అసిటోన్‌లో కరుగుతాయి. ఆ కరిగింది కూడా రూపాయికే అంటుకుంటుంది.

7. చేసే పద్ధతి

ముందు అన్నిటికంటే మామూలు రూపాయితో మొదలు పెట్టండి. అది బాగా వస్తే మిగతావి చేయండి. ఒకసారికి ఒకటే రూపాయి. రెండు కలిపి వేస్తే ఒకదానికొకటి తగిలి గీతలు పడతాయి.

ఒకటి. రూపాయిని డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట ఉంచండి. మట్టి, ఉప్పు వదులుతాయి. రుద్దకండి.

రెండు. తీసి గుడ్డ మీద పెట్టండి. పైన గుడ్డ అద్దండి. పసిబిడ్డ ఒళ్ళు అద్దినట్టు అద్దాలి. తుడవకూడదు. పూర్తిగా ఆరనివ్వండి.

మూడు. గాజు గిన్నెలో అసిటోన్ పోయండి. రూపాయి మునిగితే చాలు. రూపాయిని మెల్లగా దించండి. స్టీలు పళ్ళెం మూత పెట్టండి. 10 నిమిషాలు ఆగండి.

నాలుగు. పుల్లలతో రూపాయిని తిప్పండి. ఇంకో 10 నిమిషాలు ఉంచండి.

ఐదు. ఇంకా జిగురు ఉంటే అసిటోన్‌లో తడిపిన దూదిని దాని మీద దొర్లించండి. అటూ ఇటూ రుద్దకండి. దూది పచ్చగా అయితే పారేసి కొత్తది తీసుకోండి.

ఆరు. రెండో గిన్నెలో కొత్త అసిటోన్ పోయండి. రూపాయిని అందులో ఒక నిమిషం ముంచి తీయండి. ఇది తప్పకుండా చేయాలి. మొదటి గిన్నెలో జిగురు కరిగి ఉంది. అందులోంచి తీసి ఆరబెడితే ఆ జిగురు మళ్ళీ రూపాయి మీదే మిగులుతుంది. పసుపు నీళ్ళలో ఉతికిన గుడ్డ పసుపుగానే ఉంటుంది కదా!

ఏడు. గుడ్డ మీద పెట్టండి. కాసేపటికి అదే ఆరిపోతుంది. ఎండలో పెట్టవద్దు.

పోకపోతే మర్నాడు మళ్ళీ చేయండి. రెండు మూడు సార్లకు చాలా వరకు పోతుంది. తొందరపడి రుద్దకండి.

మిగిలిన అసిటోన్‌ను మురికి కాలువలో పోయకండి. నిప్పుకు దూరంగా, పిల్లలకు, పశువులకు అందని చోట గిన్నెలో వదిలేయండి. కొద్దిసేపటికి ఆవిరైపోతుంది.

పూసలు, లక్క, అతుకులు ఉన్న నగను అసిటోన్‌లో వేయకండి. అతికిన జిగురు ఊడిపోవచ్చు.

8. పోని మసక

అన్ని మసకలూ అసిటోన్‌తో పోవు.

నలుపు పోదు. పోనవసరం లేదు.

గట్టిగా పట్టిన పచ్చ చిలుము పోదు. అది చెమటకు, తడికి రాగి చెడి వచ్చింది. జిడ్డుగా ఉండదు. పొడిగా, గట్టిగా ఉంటుంది. గోటితో గీకకండి.

పచ్చ జిగురు పోయాక కింద గుంటలు కనపడితే అవి పోవు. జబ్బు ఆగింది, మచ్చ మిగిలింది అనుకోవాలి.

ఈ మధ్య కొట్లలో లక్ష్మీదేవి బొమ్మ ఉన్న కొత్త వెండి బిళ్ళలు కొంటున్నారు. కొన్నేళ్ళకు కొన్ని కొత్త బిళ్ళల మీద పాలు చిలికినట్టు తెల్ల చుక్కలు వస్తాయి. అవి కూడా అసిటోన్‌తో పోవు. రుద్దితే బిళ్ళ పాడవుతుంది గానీ చుక్క పోదు. పూజకు వాడే ఇలాంటి కొత్త బిళ్ళను పసుపు, కుంకుమ అంటితే కుంకుడు రసంతో కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి, తడి లేకుండా అద్దితే చాలు.

9. మళ్ళీ మసక పడకుండా

రూపాయలను మెత్తటి ప్లాస్టిక్ కవరులో పెట్టకండి. ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో గానీ, తెల్ల కాగితం కవరులో గానీ విడివిడిగా చుట్టండి. వార్తాపత్రిక కాగితం వద్దు. రబ్బరు బ్యాండు వేయకండి. రబ్బరులోని గంధకం వెండి మీద నల్లటి గీత వేస్తుంది.

చుట్టిన వాటిని స్టీలు డబ్బాలో పెట్టండి. కొత్త చెప్పుల పెట్టెలో చిన్న పొట్లం వస్తుంది. గలగలమంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. దాన్ని డబ్బాలో వేయండి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. డబ్బాను పొయ్యికి, తడి గోడకు దూరంగా ఉంచండి. ఏడాదికి రెండుసార్లు తీసి చూడండి. చూడండి, తోమకండి.

10. పట్టిక రాసుకోండి

మీ రూపాయలకు ఒక పట్టిక రాయండి. ఇలా రాయవచ్చు.

వరుస నెంబరు: 1. సంవత్సరం: 1918. బొమ్మ: రాజు. బరువు: 11.6 గ్రాములు. ఎవరు ఇచ్చారు: అమ్మ.

బరువు కొంచెం తగ్గితే కంగారు పడకండి. చేతులు మారి అరిగిన రూపాయి అంతకంటే తక్కువ తూగుతుంది.

అమ్మవలసి వస్తే పట్టిక తీసుకుని వెళ్ళండి. "ఇది 1918 రూపాయి. నూటికి 92 పాళ్ళు వెండి" అని మీరే చెప్పండి. "ఇది 1942ది. సగం వెండి" అని కూడా మీరే చెప్పండి. తెలిసి అడిగేవాళ్ళను మోసం చేయడం కష్టం. రెండు మూడు కొట్లలో ధర అడగండి. ఆ రోజు గ్రాము వెండి ధర ఎంతో ముందే తెలుసుకోండి. తోమని రూపాయిని నాణేలు సేకరించేవారికి కూడా చూపండి. వెండి ధర కంటే ఎక్కువ రావచ్చు. చిల్లు పెట్టిన రూపాయికి, కొక్కెం అతికిన రూపాయికి వెండి ధరే వస్తుంది.

"మీ పాత నాణేనికి లక్షలు ఇస్తాం, ముందు ఫీజు పంపండి" అని ఫోను వస్తే నమ్మకండి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పినా నమ్మకండి. ఇలాంటి మోసాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకే 2021లో జనాన్ని హెచ్చరించింది.

ఆ ఇంట్లో కోడలు కూడా 12 రూపాయలకూ పట్టిక రాసింది. 11 రూపాయలకు సంవత్సరం రాసింది. తెల్లగా మెరిసే రూపాయి దగ్గర "చదవరావడం లేదు" అని రాసింది. అత్త ఆ కాగితం మడిచి డబ్బాలో పెట్టింది. డబ్బా తాళం తన కొంగున కట్టుకుంది.

అభ్యాసం

జవాబులు చెప్పండి.
1. వెండి రూపాయి ఎందుకు నల్లబడుతుంది? ఆ నలుపును ఏం చేయాలి?
2. పచ్చ జిగురు దేని నుంచి వస్తుంది?
3. అసిటోన్‌ను వంటింట్లో ఎందుకు వాడకూడదు?
4. రెండో గిన్నెలో కొత్త అసిటోన్ ఎందుకు పోయాలి?

ఖాళీలు నింపండి.
1. 1918 రూపాయి బరువు ........ గ్రాములు.
2. 1940 నుంచి 1945 దాకా వేసిన రూపాయిలో వెండి ........
3. రూపాయిని తుడవకూడదు. గుడ్డతో ........

లెక్క చేయండి.
ఒకామె దగ్గర 1939కి ముందు వేసిన రూపాయలు 5 ఉన్నాయి. 1942 రూపాయలు 3 ఉన్నాయి. మొదటి రకంలో ఒక్కోదానిలో 10.7 గ్రాముల వెండి ఉంది. రెండో రకంలో 5.8 గ్రాముల వెండి ఉంది. మొత్తం వెండి ఎంత? (జవాబు: 70.9 గ్రాములు)

అందరూ కలిసి మాట్లాడండి.
మీ ఇంట్లో మీ పేరున, మీ చేతిలో ఉన్న ఆస్తి ఏది? దాని లెక్క మీ దగ్గర రాసి ఉందా?

చూసి రాయండి.
నలుపును వదలాలి. జిగురును కరిగించాలి. దేన్నీ రుద్దకూడదు.